రూతమ్మ వంతు, నా పరుగు

వెళ్లొచ్చి పదిరోజులైంది. మా తెనాలిలో పొద్దున్నే హైస్కూలు మైదానంలో కలిసే మిత్రులు "ఏం చూశావోయ్?" అని అడిగిన ప్రతిసారీ ఒక కొత్త సంగతి చేర్చి చెబుతూ వచ్చాను. మొదటిరోజు నేను నిజాంసాగర్ కాలువ గట్టు మీద ఒక మైలు పరుగెత్తాను. మూడోరోజుకి అది అయిదు మైళ్లయింది. నిన్నటికి నా వెనక ఊరు ఊరంతా పరుగెడుతోంది. మా ఆవిడ కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, "ఇంకో వారం ఆగితే ఆ డ్యాము కూడా నేనే కట్టించానంటారు. కూర్చుని ఉన్నదున్నట్టు రాయండి" అంది. అందుకని రాస్తున్నాను. చెయ్యి అలవాటు కొద్దీ ఎక్కడైనా పెంచితే, ఆ పక్క వాక్యంలో నేనే తగ్గిస్తాను.

ముందుగా ఒకటి ఒప్పేసుకుంటాను. నేను రోజూ రెండు మైళ్లు పరుగెత్తుతానని మీలో చాలామందికి చెప్పాను. గుండె డాక్టరు నన్ను నడవమన్న మాట నిజం. నేను నడిచేది కాఫీ హోటలు దాకా. అక్కడ మొహం మీద నీళ్లు చల్లుకుంటాను. తిరిగొచ్చేటప్పుడు అది చెమటలా కనబడుతుంది.

నిజామాబాదు

మేనకోడలు సుశీల మొగుడికి నిజామాబాదు బదిలీ అయింది. చూసి రమ్మని మా చెల్లెలు ఆవకాయ జాడీతో సహా నన్ను రైలెక్కించింది. మార్చి నెల. పసుపు మార్కెట్టుకి వచ్చే కాలం. మోర్తాడ్ వైపు నుంచి బండ్లకు బండ్లు దిగుతున్నాయి. గంజిలో, అంటే ఆ మార్కెట్టు వీధిలో, హమాలీల కనురెప్పల మీద కూడా పసుపే. ఆ వీధిలో తెల్లకుక్క అన్నది లేదు, అన్నీ పసుపు నీళ్లాడినట్టే ఉంటాయి. (నేను చూసింది ఒక్క కుక్కని. అది పుట్టుకతోనే ఆ రంగేమో కూడా తెలియదు.)

ఇరానీ హోటల్లో చాయ్ పదిహేను పైసలు. మన కాఫీలాగా నురగ ఉండదు, తీపి దంచేస్తుంది. సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగాలి. కప్పుతో తాగితే పక్కవాడు మనవైపు జాలిగా చూస్తాడు. పొద్దున పూట అటుకులు తాలింపు వేసి, పైన పచ్చి ఉల్లిపాయ చల్లి పెడతారు. మన ఇళ్లల్లో అటుకులంటే కృష్ణాష్టమికి తప్ప గుర్తురావు. ఇక్కడ వాటితో కడుపు నింపుకుని బస్తాలు మోస్తారు.

సుశీల ఇంట్లో నాకు పనేమీ లేదు. రెండోరోజు పొద్దున్నే దగ్గర్లోని మైదానానికి పోయాను. అక్కడ ధోవతి గోచీలా బిగించి, కాన్వాసు బూట్లు తొడుక్కున్న ఒక భారీ మనిషి చుట్లు కొడుతున్నాడు. ఆయన పరుగెత్తుతుంటే పొట్ట ఒక అడుగు ముందూ, ఆయన ఒక అడుగు వెనకా ఉన్నారు. ఆగినప్పుడు పలకరించాను. కిషన్‌రావు సేఠ్, పసుపు వ్యాపారి. ఇంట్లో మరాఠీ, గంజిలో తెలుగు, లెక్కలు ఉర్దూలో.

"ఎందుకండీ ఈ వయసులో పరుగు?" అన్నాను.

"మా ఇంటిదాని గురించి."

"ఆవిడ పరుగెత్తమన్నారా?"

"అనలే. అంటే బాగుండు." సేఠ్ గట్టు మీద కూలబడ్డాడు. "మూడేండ్ల కింద ఇద్దరం బాసర పోదామని టేషన్‌కు పోయినం. బండి కదిలింది. ఆమె సంచి పట్టుకొని ఉరికింది, ఎక్కింది. నేను ఉరికిన, ప్లాట్‌ఫారం మీద మిగిలిన. కిటికీల కెల్లి తొంగిజూసి తిట్టిందనుకున్నరా? తిట్టలే బాబా. నవ్వింది. చెయ్యి ఊపింది. ఒక్కతే పోయి దర్శనం చేసుకొని, నాకు ప్రసాదం తెచ్చింది. గా నవ్వు తట్టుకోలేక తెల్లారి సంది ఉరుకుడు పెట్టిన."

"ఇప్పుడైతే బండి అందుకుంటారా?"

"ఏమో మరి. ఇప్పుడు బండికి గంట ముందే పోయి కూసుంటున్నం గద!"

ఆయన నన్ను అడిగాడు, మీరూ ఉరుకుతరా అని. రోజూ రెండు మైళ్లన్నాను. సేఠ్ లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం నాకు చాలా నచ్చింది. తర్వాత జరిగినదానికంతా మూలం అదేనని ఇప్పుడనిపిస్తోంది.

బోధన్

మర్నాడు జానకంపేట మీదుగా చిన్న రైలుబండిలో బోధన్ చేరాను. ఊరు కనబడక ముందే వాసన వస్తుంది. బెల్లం పాకం అడుగంటిన వాసన, దాని కింద మరో పులిసిన వాసన. చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు చెరకు బండ్ల వరస మూడు మైళ్లుంది. సరే, ఒక మైలు. ఎడ్లు నెమరువేస్తూ పడుకున్నాయి, బండ్ల కింద మనుషులు పేకాడుతున్నారు. ముందు బండి ఒక్క బారెడు కదిలితే చాలు, పేకలు మడిచి అందరూ లేచి, ఒక్క బారెడు తోలి, మళ్లీ అదే పేకలు అదే వరసలో పంచుకుంటున్నారు. మన వైపైతే ఆ కాస్త గందరగోళంలో ఒక ముక్కైనా చేతులు మారేది.

దారినపోయేవాడు బండిలోంచి ఒక గడ లాక్కుంటే ఎవరూ ఏమీ అనరట. నేనూ లాగాను. బలంగా కొరికాను. గడతోపాటు నా పైపళ్ల సెట్టు కూడా వచ్చేసింది.

బండి తోలేవాడు గడనీ, దాన్ని పట్టుకు వేలాడుతున్న పళ్లనీ చూసి, "ఓ పెద్దసారూ! దంతాలు గూడ తూకంల పెట్టాల్నా?" అన్నాడు. వరసంతా నవ్వింది. పేకాట ఆగింది. ఎడ్లు కూడా నవ్వినట్టే అనిపించింది నాకు.

పళ్లు కడుక్కుందామని గేటు దగ్గర చాయ్ బండి చాటుకి పోయాను. అప్పుడే ఒక మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి ఆగాడు. ఖాకీ లాగు, వీపుకి గుడ్డతో కట్టుకున్న సద్దిగిన్నె. నలభై దాటి ఉంటాయి. ఒళ్లంతా చెమట, మొహంలో మాత్రం అలసట లేదు. పేరు సాయిలు. సీజన్లో మాత్రమే పని దొరికే ఫ్యాక్టరీ కూలీ. ఆరుమైళ్ల అవతల మోస్రా దాటిన పల్లె నుంచి వచ్చాడు, పరుగెత్తుకుంటూ.

"బస్సు లేదా?" అన్నాను.

"ఉన్నది. దాని ఇష్టమున్నప్పుడు వస్తది. సైరన్ మాత్రం దాని టయానికే కూస్తది."

"సైకిలన్నా కొనుక్కోరాదూ?"

"ఉన్నది సారు సైకిలు. బిడ్డకిచ్చిన. తొమ్మిది చదువుతున్నది. ఆలిశమైతే తరగతి బయట నిలవెడుతున్నరట. అది ఉరుక్కుంట పోతే దారిల నలుగురు నవ్వుతరు. నేను ఉరికితే నవ్వేటోడెవడు?" చాయ్ రెండు గుటకల్లో తాగేశాడు. "మొదలు మొదలు చచ్చిపోతననుకున్న. ఇప్పుడు ఉరకకపోతే తిండి సయిస్తలేదు. మీరేం పని చేస్తరు సారు?"

అవతల బండివాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నేను ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కౌంటరు దగ్గర కూర్చుని స్టాంపులు అమ్మినవాణ్ని. ఆ మాట ఆ నవ్వుల మధ్య చెప్పబుద్ధి కాలేదు. పళ్ల సెట్టు సర్దుకుని, గొంతు సవరించుకుని, "కృష్ణా కాలువల మీద ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను" అన్నాను.

సాయిలు గ్లాసు కింద పెట్టేశాడు. "కాల్వల ఆఫీసరా! అయితే మా ఊరికి రావాలె సారు. మా రూతమ్మక్కను చూడాలె. నాదేం ఉరుకుడు? ఆమెది ఉరుకుడు. నీళ్ల కోసం ఉరుకుతది."

అతని షిఫ్టు అయ్యేదాకా ఆగి, ఖాళీగా తిరిగిపోతున్న చెరకు బండిలో ఇద్దరం ఎక్కాం. దారి పొడుగునా నేను మాట్లాడుతూనే ఉన్నాను. సాయిలు వింటూనే ఉన్నాడు. ఊరు చేరేసరికి నా చేతికింద నాలుగొందల తూములున్నాయి.

మోస్రా దాటాక

సాయిలు భార్య గంగవ్వ జొన్నరొట్టెలు చేసింది. అరచేతుల మధ్య చప్పట్లు కొడుతూనే రొట్టె ఒత్తేస్తుంది. పీటా కర్రా అక్కర్లేదు. పచ్చిపులుసులో చింతపండు ఉడికించరు, పిసికి పోస్తారంతే. మన చారు అలవాటైన నోటికి మొదటి గుటక చురుక్కుమంటుంది, నాలుగో గుటకకి గిన్నె ఖాళీ. నేను ఏడు రొట్టెలు తిన్నాను. (మూడు. మూడోది మొహమాటానికి.)

పొద్దు వాలుతుండగా రూతమ్మ వచ్చింది. నలభై ఏళ్లుంటాయేమో. ఎండుకట్టెలాంటి మనిషి, కాళ్లు మాత్రం పిక్కలు తేలి గట్టిగా ఉన్నాయి. ఆదివారం ఆదివారం మోస్రాలో ప్రార్థనకి పోతుందట. మొగుడు యేసుదాసు పోయి రెండేళ్లు. పిల్లల్లేరు. ఎకరం చెరకు, అదొక్కటే ఆధారం.

ఇక్కడి కట్టుబాటు మీకు చెప్పాలి. మన డెల్టాలో ఇంటి వెనకే కాలువ. చెంబు ముంచినంత తేలిగ్గా చేనుకి నీళ్లు పెట్టుకుంటాం. ఇక్కడ అలా కాదు. పెద్ద కాలువ నుంచి ఊరి కాలవల్లోకి నీళ్లు వదిలే తూము ఒకటుంది. దాని నుంచి రూతమ్మ చేను మైలున్నర దూరం, కాలవకి చిట్టచివర. పన్నెండు రోజులకొకసారి ఆమె వంతు, మూడు గంటలు. నీళ్లు పంచే మనిషిని నీరటి అంటారు. ఈ ఊరి నీరటి నర్సయ్య రెండు తూములు చూసుకోవాలి, కాబట్టి ముప్పావుగంటకొకసారి ఈ తూము దగ్గరికొచ్చి పోతుంటాడు. అతను వచ్చినప్పుడల్లా వంతుదారుల మనిషి తూము మీద కనబడాలి. కనబడకపోతే నీళ్లు అక్కర్లేదన్నట్టే. వంతు అప్పటికప్పుడే తర్వాతివాళ్లకి పోతుంది.

అందరిళ్లల్లోనూ ఒకరు తూము మీద కూర్చుంటే ఇంకొకరు చేలో సాళ్లు తెరుస్తారు. రూతమ్మకి ఆ ఇంకొకరు లేరు. కూలికి పెట్టుకుందామంటే ఈ కాలంలో అందరూ చెరకు కోతల్లోనే. అందుకని నర్సయ్యకి మొహం చూపించి చేను దాకా పరుగెత్తుతుంది. నిండిన సాలు మూసి, ఇంకో సాలు తెరిచి, అతను మళ్లీ వచ్చేలోపు తూము దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. ఒక వంతులో నాలుగు విడతలు. మధ్యలో ఎలకబొక్క ఎక్కడన్నా కారుతుంటే మట్టి కొట్టి మరీ.

"మొదటిసారి ఉరికిన్నాడు దారిల కక్కుకున్న సారు," అంది రూతమ్మ. "ఊరు జూసి నవ్వింది. ముసలిదానికి కాళ్లు మొలిసినయ్ అన్నరు. ఇప్పుడు నర్సయ్య మామ గడియారమే నన్ను జూసి టయిం పెట్టుకుంటది."

నవ్వుతూనే చెప్పింది. తర్వాత నవ్వు ఆగింది. "పోయిన వంతుకు జరమచ్చి పండుకున్న. నీళ్లు పోయినయ్. పైరు తల వాల్చింది. రేపు గూడ తప్పిందనుకో, ఇగ చెరుకు లేదు. కాళ్లల్ల ఇంక సత్తువ రాలే." నావైపు తిరిగి, "సారు కాల్వల ఆఫీసరు గద. రేపు జెర తూము మీద కూసుంటరా?" అంది.

"నేను ముప్పై ఏళ్లు కూర్చున్నది తూముల మీదేనమ్మా" అన్నాను.

"లేవద్దు సారు. ఎవ్వలచ్చి పిలిచినా లేవద్దు."

"మాట" అన్నాను.

తూము మీద

పొద్దున ఎనిమిదింటికి నర్సయ్య తూము తిప్పాడు. అలారం గడియారం ఒకటి తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకు తిరుగుతాడు. తూము కింద రాతితొట్టి ఉంది. దాన్నుంచి రెండు కాలవలు చీలతాయి. ఎడమది రూతమ్మ వైపు, కుడిది మల్లారెడ్డి పటేల్ వైపు. చెక్కపలక ఎటు అడ్డం వేస్తే అటు మూత. నర్సయ్య కుడివైపు పలక దించాడు. ఎండుటాకులు తోసుకుంటూ, నేలలో బుడగలు తేల్చుకుంటూ నీళ్లు ఎడమ కాలవలోకి వెళ్లాయి.

నేను రాతి మీద కూర్చున్నాను. రూతమ్మ పార భుజాన వేసుకుంది. ఆ రోజు ఆమె నడిచి వెళ్లింది. నీళ్లతోపాటే, తాపీగా, అక్కడక్కడ ఆగి గండ్లు చూసుకుంటూ. మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి నావైపు చెయ్యెత్తింది కూడా.

నర్సయ్య మొదటి విడత వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. నమస్కారం పెట్టి వెళ్లాడు. అతను వెళ్లిన కాసేపటికి మల్లారెడ్డి సైకిలు మీద వచ్చాడు. పదకొండింటి నుంచి ఆయన వంతు. యాభై ఏళ్ల మనిషి, తెల్ల బనీను, గుబురు మీసం.

"సారు వచ్చిండ్రని సాయిలు చెప్పిండు. మా దిక్కు కాల్వ ఎత్తు మీదున్నది, నీళ్లెక్కుతలేవు. మీ అసుంటోళ్లు ఒక్కసారి కన్నేస్తే బాగుండు. గీడనే, మా బాయికాడ. చాయ్ తాగి పోదురు."

లేవనని చెప్పాను. ఒకసారి. "మీ అసుంటోళ్లు" అన్నది నా చెవిలో తిరుగుతూనే ఉంది. కండువా తీసి రాతి మీద పరిచి, మీద ఒక బెడ్డ పెట్టి, రెండు నిమిషాల్లో వస్తానని లేచాను.

రెండు నిమిషాలన్నది నేను తూముతో చెప్పిన మాట. బావి దగ్గర నులకమంచం వేశారు. వేడివేడి మిరపకాయ బజ్జీలు వచ్చాయి, చాయ్ వచ్చింది, మళ్లీ చాయ్ వచ్చింది. మల్లారెడ్డీ, ఆయన జీతగాళ్లిద్దరూ నా ముందు గొంతుక్కూర్చున్నారు. నేను పుల్ల తీసుకుని నేల మీద కాలువలు గీశాను. వంపులు తీశాను. ఒకచోట ఆనకట్ట పెట్టాను. కృష్ణా వరదల్లో నేను తూము మూసిన కథ చెప్పాను. మధ్యలో రోజూ రెండు మైళ్లు పరుగెత్తే సంగతి కూడా వచ్చింది. నేనింత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. అరగంట పైనే అయింది.

తిరిగొచ్చేసరికి తూము దగ్గర నర్సయ్య నిలబడి ఉన్నాడు. పలక ఎడమవైపు దిగి ఉంది. నీళ్లన్నీ కుడి కాలవలోకి పోతున్నాయి. రూతమ్మ కాలవలో తడి నేల మిగిలింది, ఒక కప్ప కూర్చుని ఉంది.

"మనిషి లేడు," అన్నాడు నర్సయ్య.

"అదిగో, నా కండువా ఉందిగా!"

"కండువాకు వంతు లేదు సారు. కాల్వల ఆఫీసరు గద మీరు, గీ కట్టుబాటు తెల్వదా?"

జీతగాళ్లతో నా వెనకే వచ్చిన మల్లారెడ్డి మీసంలో నవ్వుకుంటున్నాడు. ఆయన కావాలనే పిలిచాడా, అమాయకంగా పిలిచాడా అన్నది నాకిప్పటికీ తెలియదు. నేను పోవడం మాత్రం నా అంతట నేను పోయిందే.

అప్పుడు చెప్పాను. నలుగురి ముందూ, కండువా చేత్తో పట్టుకుని. నేను ఆఫీసర్ని కాదు. తూము అన్నది దగ్గర్నుంచి చూడటం ఈ పొద్దే. పోస్టాఫీసులో స్టాంపులు అమ్మాను. తప్పు నాది, రూతమ్మది కాదు, నీళ్లు అటు తిప్పండి.

"మరి నా కాల్వకు గీసిన గీతలు?" అన్నాడు మల్లారెడ్డి.

"పుల్ల బాగా నడుస్తోందని గీశానండీ."

జీతగాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. మల్లారెడ్డి నవ్వలేదు. "చూడు పెద్దమనిషీ. నేను పిలిచిన, నువ్వచ్చినవ్. కట్టుబాటు తప్పింది నువ్వు. నా చెరుకు గూడ ఎండుతున్నది." ఇంకేదో గుర్తొచ్చి కళ్లు మెరిశాయి. "రోజు రెండు మైళ్లు ఉరుకుతనన్నవ్ గద చాయ్ తాగుకుంట? గదన్న నిజమా?"

నిజమేనన్నాను. నా నోటికి సిగ్గు లేదు.

"అయితే ఉరుకు." దూరంగా గట్టు మీద ఎర్రగా విరగబూసిన మోదుగ చెట్టు చూపించాడు. "గా మోదుగ దాంక పో, తిరిగి రా, మళ్లీ పో. నువ్వు ఉరికినంతసేపు నీళ్లు రూతమ్మవి. ఆగితివా, నావి."

"పటేల్ తన వంతుల కెల్లి ఇస్తే నాకేం అడ్డం?" అంటూ నర్సయ్య గడియారం రాతి మీద పెట్టి, పలక ఎత్తి కుడివైపు వేశాడు. కప్ప గెంతింది. నీళ్లు ఎడమ కాలవలోకి దూకాయి.

పరుగు

పంచె బిగించి పరుగెత్తాను. మోదుగ చెట్టుకి పోయి రావడం ఇరవై సార్లు చేశాను. పది. సరే, మూడున్నర. ఆ అర ఏమిటంటే, నాలుగోసారి పోతూ కాలవలో పడ్డాను. అరవై నాలుగేళ్ల మనిషి నిజంగా పరుగెత్తితే ఏమవుతుందో నాకు అంతవరకు తెలియదు. గుండె చెవుల్లోకి వచ్చింది. కళ్ల ముందు మోదుగ పువ్వులు చెట్టు దిగి ఎగురుతున్నాయి. "ఆగిండు, ఆగిండు!" అని జీతగాడొకడు అరుస్తుంటే నీళ్లలో మోకాళ్ల మీదే నాలుగు బారలు పాకాను, అది కూడా పరుగు కిందికి వస్తుందేమోనని.

తల ఎత్తితే గట్టు మీద రూతమ్మ నిలబడి ఉంది. చేలో నీళ్లు సన్నబడటం చూసి పార పట్టుకుని పరుగున వచ్చింది. నన్ను లేపి కూర్చోబెట్టింది. సంగతంతా మల్లారెడ్డే చెప్పాడు. తన మాట తనకి బాగా నచ్చినట్టుంది, రెండుసార్లు చెప్పాడు. రూతమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

"పటేలా," అంది. "తాత ఉరికితేనే నీళ్లా, ఎవ్వలు ఉరికినా నీళ్లా?"

మల్లారెడ్డి ఇంకా నవ్వులోనే ఉన్నాడు. "ఎవ్వలు ఉరికితే ఏంది? ఉరుకుడే గద."

"తూము కాడికెల్లి మా చేను దాంక, మళ్లీ తూము దాంక. గట్ల ఉరుకుత. సరేనా?"

అప్పుడు ఆయనకి తాను ఏమన్నాడో, ఎవరితో అన్నాడో అర్థమైంది. నోరు తెరిచాడు. నర్సయ్య గడియారానికి కీ ఇస్తూ, "మాట బయటికచ్చింది పటేలా" అన్నాడు. జీతగాళ్లు మొహాలు పక్కకి తిప్పుకున్నారు.

రూతమ్మ కొంగు నడుముకి చుట్టి బిగించింది. పార నా చేతికిచ్చింది. "తాతా, చేలకు పో. ఒక సాలు చివరిదాంక నిండినంక దాని నోరు మూసి పక్కది తియ్యి. గంతే. మట్టి గట్టిగ తొక్కు." నిన్నటి నుంచి సారు, సారు అన్న మనిషి. తాతా అన్నది విని నాకు కొంత ఊపిరి ఆడింది.

నేను ఈడ్చుకుంటూ చేను చేరేలోపు ఆమె నన్ను దాటి పోయి, చేను గట్టు తొక్కి, తిరిగొస్తూ మళ్లీ ఎదురుపడింది. జ్వరం నుంచి లేచిన మనిషి. సేఠ్ పరుగులో పొట్ట ఉంది, సాయిలు పరుగులో సద్దిగిన్నె ఉంది. ఈమె పరుగులో ఏమీ లేదు. చేతులు ఊపడం కూడా దండగే అన్నట్టు, తల కదలకుండా, పాదాలు నేలని అంటీ అంటనట్టు.

చెరకు మోకాలెత్తుంది. ఆకులు చుట్టచుట్టుకుని ఉన్నాయి. నేను సాళ్లు తెరిచాను, మూశాను. మొదటి రెండు సాళ్ల నోళ్లు సరిగా మూయక నీళ్లు వృథా పోయాయి. ఆమె వచ్చినప్పుడు పరుగు ఆపకుండానే కాలితో ఎలా తొక్కాలో చూపించి పోయింది. రెండోసారి వచ్చినప్పుడు ఒకసారి తలాడించి పోయింది. ఉద్యోగంలో నాకు అంతకన్నా మంచి మెచ్చుకోలు రాలేదు.

ఆమె మూడోసారి వచ్చేసరికి వెనక మల్లారెడ్డి సైకిలు మీద వస్తున్నాడు. గట్టు మీద సైకిలు తొక్కలేక, దిగి తోసుకుంటూ, మళ్లీ ఎక్కుతూ. బనీను తడిసిపోయింది. ఇంకా ఆరు సాళ్లు పొడిగా ఉన్నాయి.

"రూతమ్మా! ఆగు! ఇగ జాలు!" అని కేకేశాడు. "నిన్ను జూస్తుంటే నా కాళ్లు నొస్తున్నయ్. నీ చేను మొత్తం తడిసేదాంక పలక ముట్ట. మాటిస్తున్న. ఇగ కూసో తల్లీ."

ఆయన ఆ మాట నిజంగానే అన్నాడని నాకు అనిపించింది. నర్సయ్య పలక ముట్టనివ్వడు కూడా. రూతమ్మ చేను గట్టు దగ్గర ఒక్క క్షణం నెమ్మదించింది. రొప్పుతోంది. పెదాలు తెల్లబడ్డాయి. నేను పార పాతి, "ఆయన మాటిచ్చాడు కదమ్మా, ఇక ఆగు" అన్నాను.

"నిన్న నువ్వు గూడ ఇచ్చినవ్ గద, తాతా," అంది. కోపంగా కాదు. గట్టు చివర తొక్కి, వెనక్కి తిరిగి, తూము వైపు పరుగందుకుంది.

మల్లారెడ్డి సైకిలు గట్టుకి ఆనించి, పంచె ఎగగట్టి చేలోకి దిగాడు. ఇద్దరం మిగిలిన ఆరు సాళ్లలో మొదటిదాని నోరు తెరిచి, ఆమె మళ్లీ వచ్చేలోపు అది నిండాలని నీళ్లవైపు చూస్తూ నిలబడ్డాం.